రేవు దగ్గరి వంపు

నడక 36

మంగళవారం. మబ్బు లేదు.

పొద్దు పొడవగానే మొదలుపెట్టాను. ఎండ ముదిరే వేళకి ముగించాను. మెతుకులు సరిపోయాయి. రేవు కాడ తల దించుకుని లోపలి దారి పట్టాను, ఎప్పటిలాగే.

ఈ పుస్తకం నగరం వాళ్ళిచ్చింది. నడకరి నడిచిన ప్రతిసారీ నాలుగు మాటలు రాయాలని చట్టం. నాది అయిదో తరగతి చదువు. తప్పులుంటే మన్నించాలి.

నగరం వాళ్ళు ఎడమ కాలికి వేసిన కడియం కింద తోలు ఊడింది. ఆముదం రాసి, పాత పంచె పీలిక చుట్టాను. కడియం మీద గుడ్డ కప్పకూడదన్నారు. కింద చుట్టకూడదని ఎవరూ అనలేదు.

నగరం పెట్టిన హద్దు రాళ్ళు వెనకే నడిచి వచ్చాయి. మేకపిల్లలు గులకరాళ్ళ మీద నడిస్తే ఎలా ఉంటుందో అలాంటి చప్పుడు. నేను చూడలేదు. పొలి చల్లేవాడు నోరు విప్పకూడదు, వెనక్కి చూడకూడదు. మా తాత చూడలేదు. నాన్న చూడలేదు.

నడక 37

మంగళవారం. తూర్పు గాలి.

పొలి చల్లడం ఒకప్పుడు ఏడాదికి ఒక్కసారే ఉండేది, అమ్మవారి జాతర నాడు. ఎర్ర మెతుకులు చేటలో పోసుకుని పొలిమేర చుట్టూ తిరిగి చల్లేవాళ్ళం. అది మా ఇంటి పని. ఇప్పుడు నగరం చట్టం వచ్చాక ప్రతి మంగళవారం తిరుగుతున్నాను. యాభై రెండు మంగళవారాలు. ఎక్కువసార్లు నా అడుగు ఎక్కడ పడితే గీత అక్కడ. గీత లోపలిది మా ఊరు జీలుగువలసది. బయటిది, ఏడాది నిండిన రోజు నుంచి నగరానిది.

ఈ రోజు తాటితోపు దాటి కాసేపు ఆగాను. అక్కడి నుంచి తాటిగుంటపేట కనబడేది. ఇప్పుడు నగరం గోడ కనబడుతుంది. అంతస్తులు లెక్కపెట్టడం మొదలుపెట్టి ముప్ఫై దగ్గర మానేశాను. మెడ నొప్పి.

ఆ ఊరి నడకరికి మోకాళ్ళ జబ్బు. పెద్దలు జాలిపడి సైకిలిచ్చారు. పాపం ఏడాదంతా సైకిలు మీద తిరిగాడు. కడియం అడుగుల్ని చదువుతుంది, చక్రాన్ని చదవదు. ఒక్క అడుగూ పడలేదని ఊరంతా పోయింది. మా ఊరి పెద్ద గౌరునాయుడి అక్కని ఆ ఊరే ఇచ్చారు. ఆవిడిప్పుడు ముప్ఫై ఒకటో అంతస్తులో ఉంటుంది. నీళ్ళు గ్లాసుల లెక్కన వస్తాయట.

సాయంత్రం గౌరునాయుడు గుమ్మంలోకి వచ్చి నా కాలు చూశాడు.

"దాలయ్యా, వాపేటి?"

"కడియం ఒరుపు."

"జాగర్త. నీ కాలు మీదున్నాది ఊరు."

తల ఊపాను. గేదెకి కుడితి పెట్టి పడుకున్నాను.

నడక 38

మంగళవారం. నడక బాగా సాగింది. మెతుకులు కొన్ని మిగిలాయి. కాకులకి వేశాను.

బుధవారం

నడక లేని రోజు. రాయాల్సిన పని లేదు. అయినా రాస్తున్నాను.

ఎర్నమ్మ వచ్చింది. మా మేనత్త కూతురు. పెనిమిటి పోయిన దగ్గర్నుంచి ఒక్కతే చేను చేసుకుంటుంది. నీళ్ళ బిందె చంకనే ఉంది, దించలేదు.

"బావా, ఊట రాయి మీద పసుప్పచ్చ రంగేసీసినారు. గుండ్రంగా, ఇంత. నగరపోళ్ళు గొట్టం దింపడానికి అలాగే గుర్తెడతారట కదా?"

"ఊట మనది" అన్నాను.

"మనదైతే రాళ్ళు దాని పైనెందుకు కూకున్నాయి?"

నాకు అర్థం కాలేదు. మళ్ళీ చెప్పింది. హద్దు రాళ్ళు ఊటకి అవతల లేవు. ఇవతల, గట్టు మీద ఉన్నాయి. ఊట, రేవు, రేవు కింద బండలు, గెడ్డ వాగు, అన్నీ గీతకి బయట.

"రా, సూపిత్తాను. ఇప్పుడక్కడ ఎవల్లూ నేరు."

వెళ్ళాను. డెబ్భై రెండేళ్ళలో ఆడవాళ్ళ రేవులో అడుగు పెట్టడం అదే మొదలు. ఎర్నమ్మ ముందు, నేను వెనక. నీళ్ళు బండల మీంచి జారుతున్నాయి. కుంకుడు వాసన. రాయి సందున ఎవరో మరిచిపోయిన పసుపు కొమ్ము. ఊట నేను అనుకున్నదాని కంటే చిన్నది. చెయ్యి పట్టేంత కన్నం. నేను తాగిన నీళ్ళన్నీ అందులోంచి వచ్చినవే.

తలెత్తి చూశాను. గట్టు మీద పదకొండు రాళ్ళు వరసగా ఉన్నాయి. మోకాలెత్తు, బూడిద రంగు, మూడేసి కాళ్ళు. సరిగ్గా నేను వంపు తిరిగే దారిలో.

మా నాన్న నాకు చేట ఇచ్చిన రోజు చెప్పిన మాట ఒకటే. రేవు కాడ తల దించి లోపలికి తిరుగు, ఆడోళ్ళు నీళ్ళాడే చోట మగోడి అడుగు పడకూడదు, అక్కణ్ణించే ఒక పిడికెడు ఇసురు, అమ్మోరికి ఎరికే. నేను అలాగే తిరిగాను, అలాగే విసిరాను. అడుగు పడని చోట మెతుకులు పడేవి. మా లెక్కలో హద్దు ఊటకి అవతలే.

కడియానికి మెతుకుల సంగతి ఎవరు చెప్పాలి? నేను చెప్పాలి. చెప్పలేదు.

గురువారం

నగరం నుంచి హద్దుల అధికారి వచ్చింది. పేరు ఇరావతి. నా మనవరాలి వయసుంటుంది. పాత బడి వరండాలో కూర్చుని ఒక పలక చూపించింది. అందులో మా ఊరు గీతగా ఉంది. రేవు దగ్గర కొడవలి వంపులాగా లోపలికి పోయింది.

"ముప్ఫై ఎనిమిది సార్లూ ఇక్కడే లోపలికి తిరిగారు తాతగారూ. ఎందుకు?"

నేల చూశాను.

"దారి మూసుకుపోయిందా? కాలు నొప్పా? ఏదో ఒకటి చెప్పండి. కారణం ఉంటే రాసుకుంటాను."

ఆడపిల్ల. ఆ పిల్లకి నేనేం చెప్పాలి? ఆడవాళ్ళు స్నానం చేస్తారమ్మా అని ఎలా అంటాను?

"అలవాటమ్మా" అన్నాను.

అలవాటు అని రాసుకుంది. అలవాటుకి చట్టంలో చోటు లేదట.

గౌరునాయుడు మెతుకుల సంగతి చెప్పాడు. ఆ పిల్ల శ్రద్ధగానే విన్నది. కానీ మెతుకుల్ని పలక చదవలేదంది. మిగిలిన పద్నాలుగు నడకలూ తిన్నగా నడిచినా ముప్ఫై ఎనిమిదిదే పైచేయి.

"ఒక్క దారి ఉంది" అంటూ చట్టం తీసి చదివింది. "నడకరి మారితే పాతవాళ్ళ అడుగులన్నీ చెరిగిపోతాయి. కొత్తవాళ్ళు కనీసం పన్నెండు నడకలు నడవాలి. అంటే నలభయ్యో నడక దాటకుండా మార్చుకోవాలి. కానీ దిగిపోయిన నడకరి పేరు ఊరి పుస్తకంలో ఉండదు. గీత బయటికి వెళ్ళిపోవాలి. ఊరికే మనుషుల్ని మార్చకుండా పెట్టిన షరతు అది."

"బయటంటే ఎక్కడ?" గౌరునాయుడు అడిగాడు.

"ఎక్కడైనా. ఏడాది నిండేదాకా బయటి నేల ఎవరిదీ కాదు. ఆఖరి మంగళవారం పొద్దు గూకే వేళకి గీత లోపల ఎవరుంటే వాళ్ళు ఊరివాళ్ళు, బయటున్నవాళ్ళు నగరంవాళ్ళు. బండి వచ్చి తీసుకెళ్తుంది. గది ఇస్తారు."

మంచి పిల్ల. గది ఇస్తారు అన్నప్పుడు నా వైపు చూడలేదు.

శుక్రవారం

ఊరంతా బడి దగ్గర చేరింది. నన్ను చెప్పమన్నారు. లేచి నిలబడ్డాను. ఈ పుస్తకం తీసి ఎర్నమ్మ చేతిలో పెట్టాను. బుధవారం నాటిది చదివింది. ఆడవాళ్ళలో ఎవరో ముక్కు చీదారు.

గౌరునాయుడికి కోపం వచ్చింది.

"నలభయ్యేళ్ళు పొలి జల్లినావు. ఒక్కపాలి ఎనక్కి తిరిగి సూస్తే మెడ ఇరిగిపోతాదా?"

"సూడకూడదని కట్టడి పెట్టింది మీ తాత కాదేటి నాయుడూ?" అంది ఎర్నమ్మ.

"మరి మీరేటి సేసినారు? రోజూ ఎల్తారు. నెత్తి మీద రాళ్ళు కూకుంటే ఊరుకున్నారేటి?"

"రాళ్ళకి కూడా సిగ్గుందనుకున్నాం. దాలయ్య బావ ఎనకాలే తిరుగుతాయి కదా, ఆయన గుణమే పట్టిందనుకున్నాం."

ఆడవాళ్ళందరూ నవ్వారు. నవ్వుతూనే ఒకామె కళ్ళు తుడుచుకుంది. ఊట పోతే ఏం తాగాలో ఎవరికీ తెలీదు. బావులు మా నాన్న రోజుల్లోనే ఎండాయి.

"దిగిపోతాను" అన్నాను.

గౌరునాయుడు నా దగ్గరికి వచ్చాడు.

"దిగిపోతే ఎలిపోవాల దాలయ్యా. ఎరిక నేదా?" గౌరునాయుడి గొంతు తగ్గింది.

"ఎరికే."

ఎర్నమ్మ దగ్గర పుస్తకం తీసుకుని ఇంటికి వచ్చేశాను.

సోమవారం

మొగాళ్ళెవరూ ముందుకు రాలేదు. పన్నెండుసార్లు ఆడవాళ్ళ రేవులో కాలు పెట్టాలంటే ఎవరికి మాత్రం ఇష్టం? చివరికి గౌరునాయుడే తాను నడుస్తానన్నాడు. పెద్దవాడు, తండ్రిలాంటివాడు, తప్పు లేదన్నారు. రేవు ఖాళీ చేసి నడిపించి చూశారు. నేను గట్టు మీద నిలబడ్డాను. ఆడవాళ్ళు తుప్పల వెనక.

ఊట దాటాక దారి లేదు. నీళ్ళలో బండలు, వాటి మీద పాచి. నాయుడు పంచె ఎగ్గట్టి ఎనిమిది బండలు దాటాడు. తొమ్మిదోది తిరిగింది. నడుం లోతు నీళ్ళలో కూర్చుండిపోయాడు.

"ఆ రాయి తిరుగుద్ది నాయుడూ! ఎడంపక్కది తొక్కాల!" తుప్పల్లోంచి ఎర్నమ్మ గొంతు.

"ముందు సెప్పొచ్చు కదే!"

"మీరు ముందడిగినారేటి?"

నాయుడు పైకొచ్చి పంచె పిండుకున్నాడు. తరవాత తుప్పల వైపు తిరిగాడు.

"ఎర్నమ్మా, నీకు ఏ రాయి తిరుగుద్దో ఎరికేనా?"

"కళ్ళు మూసుకుని నీళ్ళు మోస్తన్నాను ముప్ఫయ్యేళ్ళు."

"ఆడది పొలి జల్లినట్టు మా తాతల నాడు ఎక్కడా నేదు."

"మీ తాతల నాడు రాళ్ళకి కాళ్ళు నేవు నాయుడూ."

నాయుడు తడి పంచెతోనే ఇంటికి పోయాడు. సాయంత్రం చేట ఎర్నమ్మకి పంపించమని నాకు కబురు పెట్టాడు, ఆమె చెయ్యి అలవాటు పడాలని.

నడక 39

మంగళవారం. నడిచాను. ఎర్నమ్మ వెంట వచ్చి దారి చూసుకుంది. మాట్లాడకూడదు కనక చేత్తోనే చూపించాను. ఇక్కడ ముళ్ళు. ఇక్కడ పుట్ట, పక్కనుంచి. ఇక్కడ రెండు పిడికిళ్ళు.

సాయంత్రం గేదెని ఆమె దొడ్లో కట్టేశాను. అటూ ఇటూ చూసి అరిచింది. ఆగాక వచ్చేశాను.

నడక 40

మంగళవారం. నా ఆఖరి నడక.

రేవు కాడ ఆగాను. తిన్నగా వెళ్ళొచ్చు. ఎలాగూ చెరిగిపోయే అడుగులు. వెళ్దామనే అనుకున్నాను. కాళ్ళు వినలేదు. వంపే తిరిగాను. పిడికెడు విసిరాను.

బడి దగ్గర ఇరావతి కడియం విప్పింది. వేలితో తాకితే ఊడింది. చీలమండ చుట్టూ తెల్లటి గీత మిగిలింది. ఎర్నమ్మ కాలికి వేసేముందు పంచె పీలిక ఉతికినది ఆమె చేతికిచ్చాను.

"కింద చుట్టుకో."

"నీ పంచేటి బావా? ఊరంతా ఏటనుకుంటాది?"

తల దించుకున్నాను. ఆమె చుట్టుకుంది.

పుస్తకంలో రాసిన పేజీలు ఇరావతి చించి తీసుకుంటానంది. తరవాత మానేసింది. "మీరే ఉంచుకోండి. అడిగితే పోయిందంటాను" అంది. కొత్త పుస్తకం ఎర్నమ్మకి ఇచ్చింది.

ఒక చాప, ఒక దుప్పటి, సత్తుగిన్నె, ఈ పుస్తకం. గౌరునాయుడు గీత దాకా వచ్చాడు. చెయ్యి నా భుజం మీద వేశాడు. మా ఇళ్ళ మధ్య ఎప్పుడూ లేని పని అది. గీత దాటాను.

బయట. ఎర్నమ్మ నడక 1

మెట్ట మీద జీడిమామిడి చెట్టు కింద చాప వేసుకున్నాను. ఇక్కడి నుంచి గీత పది అడుగులు. నాకూ ఊరికీ మధ్య ఉన్నవి రెండు రాళ్ళే. రేవు వైపు మాత్రం కాదు, ఎదురు వైపు. అటు ఉండను.

గీత మీద పెట్టింది ఎవరిదీ కాదట. రోజూ పొద్దున్న ఎవరో ఒకరు అక్కడ అంబలి గిన్నె, నీళ్ళ చెంబు పెట్టి వెళ్తున్నారు. చెయ్యి చాపి తీసుకుంటాను. చెంబు చల్లగా ఉంటుంది.

ఎర్నమ్మ నడిచింది. చీర దోపుకుని, చేట నడుముకి ఆనించి. నన్ను చూడలేదు. చూడకూడదు. బాగా నడిచింది. మధ్యాహ్నం రేవు వైపునుంచి ఆడవాళ్ళ కేకలు వినబడ్డాయి. భయపడ్డాను. తరవాత గౌరునాయుడు గీత దగ్గరికి పరుగున వచ్చి చెప్పాడు.

"దిగీసినాయి దాలయ్యా! పదకొండు రాళ్ళూ! ఒకదానెనకొకటి నీళ్ళలోకి దిగి అవతల ఒడ్డెక్కి కూకున్నాయి!"

ఊట ఊరిదైంది. నీళ్ళు తాగాను. చెంబంతా తాగాను.

ఎర్నమ్మ నడక 2

నడిచింది. ఎడమ కాలు కొంచెం ఈడుస్తోంది. ఒరుపు. ఆముదం రాసుకోమని చెప్పేవాళ్ళు ఎవరూ లేరు.

రాత్రి నగరం గోడ మీద దీపాలు వెలుగుతాయి. ముప్ఫై ఒకటో వరస ఏదో వెతుకుతుంటాను.

ఎర్నమ్మ నడక 3

వాన. నడిచింది. తడిసిన మెతుకులు చేతికి అంటుకుంటాయి, విదిలించాలి. తనే తెలుసుకుంది.

ఇరావతి బండి మీద వచ్చింది. గది ఏ అంతస్తులో కావాలని అడిగింది. కిందదన్నాను. కిందవి లేవంది. దుప్పటి తడవకుండా చెట్టుకి ఒక పట్టా కట్టి వెళ్ళింది.

ఎర్నమ్మ నడక 4

ఏం జరిగిందో సరిగ్గా రాయాలి.

ఎప్పటిలాగే మెట్ట ఎక్కింది. మొదటి రాయి దాకా తిన్నగా వచ్చింది. అక్కడ తల దించుకుంది. గీత వదిలేసి బయటికి తిరిగింది. నా ముందునుంచి కాకుండా, చెట్టు వెనకనుంచి, చాప వెనకనుంచి చుట్టూ తిరిగి రెండో రాయి దగ్గర మళ్ళీ గీత ఎక్కింది. పోతూ పోతూ పిడికెడు విసిరింది. నాలుగు మెతుకులు నా భుజం మీద పడ్డాయి.

దారి తప్పిందనుకున్నాను. పిలవబోయాను. నడకరితో మాట్లాడకూడదు. నోరు మూసుకున్నాను.

ఎర్నమ్మ నడక 5

మళ్ళీ అలాగే తిరిగింది.

దారి తప్పలేదు.

ఎర్నమ్మ నడక 6

ఇరావతి పలక పట్టుకుని వచ్చింది. నడక ముగించి ఎర్నమ్మ గీత దగ్గరికి వచ్చింది. గౌరునాయుడూ వచ్చాడు. నేను చాప మీదే ఉన్నాను.

"ఇక్కడ మూడుసార్లు బయటికి తిరిగారు. ఎందుకు?" ఇరావతి అడిగింది.

"మగోడు కూకున్న సోటికి ఎదురుగా ఆడది ఎల్లడం మా ఊళ్ళో మర్యాద కాదమ్మా. పక్కనుంచి తిరిగెల్తాం."

"మొదటి మూడుసార్లు ఎదురుగానే వెళ్ళారు కదా?"

"అప్పుడు సూళ్ళేదమ్మా. తల దించుకుని నడుస్తాను. ఈయన సంగతి నీకెరికే కదా, ఉన్నాడో నేడో తెలీదు."

గౌరునాయుడు దగ్గాడు. నవ్వు ఆపుకున్నాడని తెలుస్తోంది.

ఇరావతి నవ్వలేదు. నా వైపు చూసింది. చాప చూసింది. చెట్టు, పట్టా చూసింది. పలక మీద గీత చూసింది. అక్కడ ఒక బుడిపె బయటికి మొదలైంది.

"ఇది అలవాటా?" అంది.

"కాదమ్మా" అన్నాడు గౌరునాయుడు. "ఆచారం. మా తాతల నాటిది."

తాతల నాడు ఆడది పొలి చల్లనేలేదు. నేను నేల చూశాను.

ఇరావతి పలక దగ్గరికి తీసుకుంది. ఆచారం అని రాసింది. బండెక్కుతూ నన్ను అడిగింది, "తాతగారూ, రేవు దగ్గర మీరు తిరిగింది కూడా ఇందుకేనా?"

ఈసారి తలెత్తాను. "అవునమ్మా" అన్నాను.

"ఆ రోజే చెప్పాల్సింది."

"నోరు రాలేదు."

తల ఊపింది. వెళ్ళిపోయింది.

ఎర్నమ్మ నడక 7

మంగళవారం. ఎండ. మూడు తిన్నగా, మూడు వంపు అయ్యాయి. ఈ రోజుది ఎటు పడితే గీత అటు.

పొద్దున్నే చాప దులిపాను. గడ్డం గీసుకున్నాను. మెట్ట కింద ఎర్నమ్మ చేట కనబడింది. చాప మీద కూర్చుని ఊరి వైపు ముఖం పెట్టాను.

ఆమె మొదటి రాయి దగ్గరికి వచ్చింది. తల దించుకుంది. వంపు తిరిగింది. అడుగులు నా పక్కగా, తరవాత నా వెనకగా వెళ్ళాయి. జీడి ఆకులు నలిగాయి. మెతుకులు వీపు మీద పడ్డాయి. ఆమె రెండో రాయి దాటి, మెట్ట దిగిపోయింది. తిరిగి చూడలేదు.

కాసేపు ఏమీ లేదు. అప్పుడు నా ముందున్న రెండు రాళ్ళూ లేచాయి. గులకల మీద మేకపిల్లల చప్పుడు. ఒకటి నాకు ఎడమగా, ఒకటి కుడిగా నడుచుకుంటూ వచ్చాయి. చాప అంచు తొక్కకుండా పక్కకి తప్పుకున్నాయి. నన్ను దాటి వెనక్కి పోయాయి. చప్పుడు ఆగింది.

నలభయ్యేళ్ళు వెనక్కి చూడలేదు. ఇప్పుడు నేను నడకరిని కాను.

చూశాను. చెట్టుకి అవతల కూర్చున్నాయి, రెండూ, నగరం వైపు తిరిగి.

ఇంకా అయిదు మంగళవారాలున్నాయి. చాప ఇక్కణ్ణించి కదపను.